రెండు పొట్టేళ్ల చేదు, తిప్పని ఒక పేజీ

కోతపండుగ ఆదివారం. పొద్దుగాల పదకొండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. సెకన్లు గూడ చెప్పేదాన్నే, కాని మా మందిరం గోడ గడియారంల ఆ సన్నముల్లు ఎప్పుడో విరిగి కింద పడ్డది. గంత కచ్చితంగ ఎట్ల యాదికుంది అంటరేమో. గడియారం చూసుడు నేర్చుకొని అప్పటికి నాకు నాలుగు నెలలే. కొత్త చెప్పులు తొడిగినోడు దారి చూడకుండ కాళ్లే చూసుకున్నట్టు, నేను పని చూడకుండ గడియారమే చూస్తుంటి. సరిగ్గ ఆ నిమిషానికి మా చర్చి సంఘం మొత్తం తినాల్సిన మాంసం కూరను నా చేతులతోని నేనే నాశనం చేసిన. పొరపాటున చెయ్యి తగిలి గాదు. నిద్రమత్తుల గాదు. చదువుకొని, ఆలోచించి, గంటె పెట్టి మరీ కలిపి నాశనం చేసిన.

పన్నెండేండ్ల కింది ముచ్చట ఇది. నవ్వుకోండి, నేను వద్దనను. కాని “ముసలిదానికి చదువెందుకు, చూసినవా ఏమైందో” అని నవ్వేటోళ్లు ఉంటే మాత్రం జర ఆగుండ్రి. కడదాక చదివి అప్పుడు నవ్వండి. మధ్యల ఆపితే ఏమైతదో నాకంటే బాగ తెలిసినోళ్లు ఈ జిల్లాల లేరు.

నా పేరు సాలమ్మ. మాది పెబ్బేరు దగ్గర ఊరు. యాభై రెండేండ్లు వచ్చేదాక నాది వేలిముద్ర. బొంబాయి, పూనా తిరిగి మట్టి తట్టలు మోసిన. ఏ ఊర్ల ఎంత లోతు తవ్వినమో చెప్తగాని, ఆ ఊరి పేరు బోర్డు మీద చూస్తే నాకు చీమలు బారు కట్టినట్టే కనబడేది. ఒకపారి వనపర్తి పోవాలని బస్సు ఎక్కి, కండ్లు మూసి తెరిచేసరికి ఎదురు దిక్కున్న అయిజల దిగిన. డ్రైవరు “బోర్డు చూసుకోవద్దా అమ్మా” అన్నడు. “చూసిన, అదే నన్ను చూడలె” అన్న. జవాబు బాగనే చెప్పినగాని, తిరుగు బస్సుల కూసొని ఏడ్చిన.

గందుకే మా బడి వరండాల పెద్దోళ్లకు అక్షరాలు చెప్తుండ్రంటే మొదటి దినమే పోయిన. చెప్పేది రాజేశ్వరి టీచర్. నా బిడ్డంత వయసు. నన్ను చూసి “రండి సాలమ్మ గారూ” అన్నది. పుట్టినప్పటి సంది నా పేరు వెనక “గారు” పెట్టిన మొదటి మనిషి. తిట్లు పెట్టినోళ్లు చాన మంది ఉండ్రి. ఆ గారు కోసమన్న పోవాలె అని దినం పోయిన. ఎనిమిది నెలలల్ల చీమలన్ని అక్షరాలైనయి.

ఇగ మా దానేలు బావ సంగతి చెప్పాలె. మా ఆయనకు సొంత అన్న. మా సంఘానికి పెద్ద. మందిరంల వాక్యం చదివేది ఇరవై ఏండ్ల సంది ఆయనొక్కడే. ఆ యేడు పాస్టరయ్య “కోతపండుగ నాడు మూడు గంటల కూడికల వాక్యం సాలమ్మ చదువుతది” అన్నడు. బావకు ముల్లు గుచ్చుకున్నట్టయింది.

“తట్ట మోసినామె వాక్యం చదువుడేంది అయ్యగారు?”

“తట్ట నోటితోని మోయలె బావా, నెత్తితోని మోసిన. నోరు కొత్తగనే ఉంది” అన్న నేను.

అందరు నవ్విండ్రు. బావ నవ్వలె. “సరే. ఆ దినం నీ చదువు వల్ల ఒక్క తప్పు జరిగినా, ఒక్క అక్షరం తడబడినా, మళ్ల నువ్వు వాక్యం చదివే ఆ బల్ల కాడికి రావొద్దు. ఒప్పుకుంటవా?”

“ఒప్పుకుంట.”

నాకు ఒప్పుకొనుడు ఎప్పుడు తొందరే.

తడబడొద్దని, నేను దొరికిందల్ల చదువుడు పట్టిన. ఉప్పు పాకిట్ మీదిది, మందు డబ్బా మీదిది, బస్ స్టాండుల గోడ మీద ఏదేదో రాస్తరు చూడు, అదిగూడ. టీచర్ పాత బడి పుస్తకాలు నాలుగు ఇచ్చింది. అందుల ఒకటి సైన్సుది. దాంట్ల కడుపు బొమ్మ ఉండె, రంగురంగుల పేగులతోని. ఏటలు కోస్తుంటె నేను చాన పార్లు చూసినదాన్ని గద, బొమ్మ చూడంగనే చుట్టాలను చూసినట్టయింది. ఆ పాఠమే పట్టిన.

మూడు దినాలు పట్టింది ఒక్క పేజీకి. దాంట్ల ఉన్నది నా మాటల్ల చెప్త. కార్జంల, అంటే కాలేయంల, ఒక పచ్చటి రసం ఊరుతది. పిత్తరసమని దాని పేరు. కార్జం కింద ఒక చిన్న తిత్తిల చేరి ఉంటది. కొవ్వు నీళ్లల్ల కలవదు, పెద్ద పెద్ద చుక్కలై మీద తేలుతది. ఈ రసంల ఉన్న ఆమ్లాలు, లవణాలు ఆ చుక్కలను పగలగొట్టి సన్నగ చేస్తయి. అప్పుడే వేరే రసమొచ్చి ఆ కొవ్వును అరిగిస్తది. నాకు ఇది ఎంత సులువుగ అర్థమైందో! విత్తనం వెయ్యకముందు చెల్కల మట్టి పెడ్డలు పగలగొట్టమా? పెడ్డలు పగలకపోతే విత్తనం మొలుస్తదా? ఈ పిత్తరసం పెడ్డలు కొట్టే కూలిమనిషి. విత్తనమేసేది వేరేటోడు. కష్టం కూలిమనిషిది, పేరు ఇంకోడిది. మనకు తెల్వని కథనా?

పేజీ అడుగున ఆఖరి లైన్ల ఇట్ల ఉండె: కొవ్వు అరగాలంటే ఆహారంతో పిత్తరసం కలవాలి.

అక్కడ పుస్తకం మూసిన. ఎందుకు మూసిన? మేము నేర్చుకున్న అక్షరాల పుస్తకంల ఏ పేజీ పాఠం ఆ పేజీలనే అయిపోతది. ‘అ’ ఒక పేజీ, ‘ఆ’ ఒక పేజీ. పేజీ అడుగు నాకు చేను గట్టు లెక్క. గట్టు దాటితే పక్కోడి చేను గద! పక్కోడి చేన్ల నాకేం పని?

ఇగ ముందటి యేడు సంగతి ఒకటి ఉంది. ఆ పండుగకు తెచ్చిన పొట్టేళ్లు కొవ్వు పట్టినయి. కూర మీద వేలెడు మందం కొవ్వు తేలింది. తిన్నోళ్లందరు రెండు దినాలు పొట్టలు పట్టుకొని తిరిగిండ్రు. దానేలు బావైతే వనపర్తి దవాఖానకు పోయి సూది వేయించుకొచ్చిండు. ఈ యేడు పెబ్బేరు సంతల కొన్నయి ఇంకా బలిసినయి, నడిస్తె వెనక భాగం ఒక దిక్కు, ముందు భాగం ఒక దిక్కు పోతుండె. వాటిని చూసిన. పేజీ యాదికొచ్చింది. దేవుడు కొవ్వు ఇచ్చి, అది అరిగే మందు గూడ పక్కనే తిత్తిల కట్టి పెడితే, తరాల సంది మనం ఆ తిత్తిని కోసి పారేస్తున్నమా! ఇంత మంది పెద్దమనుషులల్ల ఒక్కరికన్న తోచిందా? తోచదు. చదవాలె గద!

పొద్దున ఏడింటికి పొట్టేళ్లను కోసింది ఖాసిం. ముప్పై ఏండ్ల సంది మా ఊర్లె ఏ పండుగైనా ఆయన కత్తే. కార్జం తీసేటప్పుడు ఆయనను చూడాలె. ఊపిరి గూడ బిగబడతడు. బొటనవేలంత పచ్చటి తిత్తిని, పసిపిల్లను ఎత్తినట్టు రెండు వేళ్లతోని పైకెత్తి, కొనకు కోసి, దూరంగ పెడతడు.

“ఖాసిం, ఆ రెండు తిత్తులు ఇటియ్యి.”

“ఎందుకక్కా? ఎవరికన్న మందా?”

“మందే అనుకో.”

“జర పైలంగ. ఒక్క చుక్క పడితే గుండిగెడు కూర ఖరాబ్. నా చేతిల ఇంతవరకు ఒక్క తిత్తి పగల్లే, తెలుసా?”

“చేదుదేముంది, కాకరకాయ చేదు గాదా? ఉడికితే విరుగుతది. నువ్వు ఏ తరగతి చదివినవ్?”

ఆయన కత్తి తుడుచుకుంట నవ్విండు. “నేను పొట్టేలును చదివినక్కా.”

ఆ మాట అప్పుడే వింటే ఈ కథే ఉండకపోతుండె. తిత్తులను స్టీలు గిలాసల పెట్టి, పైన మూత పెట్టి, కొంగు కింద దాచిన.

వంట దగ్గర పెద్దది మా ఆడబిడ్డ రూతమ్మ. పొయ్యి కాడ ఆమె పోలీసుకంటే ఎక్కువ. ఉప్పు డబ్బా ముట్టుకుంటేనే “వదినె, చెయ్యి తియ్యి” అంటది. కాని ఆమె పాటల గుంపుల ముందు నిలబడి పాడేది గూడ. పదకొండు ఇరవైకి లోపల కోతపాటకు పిలిచిండ్రు.

“వదినె, నేను పాట పాడి వస్త. మంట చూడు. గంటె తిప్పకు. ఏం వెయ్యకు. ఏం తియ్యకు. ఆలోచించకు గూడ.”

“పో, పో. నేనేం పసిపిల్లనా?”

ఆమె పోయింది. నేను కిటికీల నుంచి గడియారం చూసిన. ముందే చెప్పిన గద, పదకొండు ఇరవై అయిదు. గుండిగ మూత తీసిన. కొవ్వు బంగారం రంగుల తేలుతుంది, అద్దం లెక్క మెరుస్తుంది. “నీ పని చెప్త” అన్న దానితోని. తిత్తులు చింపి రెండింటి రసం పోసిన. గంటె తిప్పిన.

అయ్యో, ఏం చెప్పాలె మీకు! నా కండ్ల ముందటనే ఆ అద్దం పగిలింది. మీద తేలే కొవ్వు సన్నటి చుక్కలై పులుసుల కలిసిపోయింది. తెల్లటి నురగ లేచింది. పుస్తకంల ఏం రాసిండ్రో అచ్చం అదే! అక్షరం పొల్లు పోలె! నేను ఒక్కదాన్నే పొయ్యి కాడ చప్పట్లు కొట్టుకున్న. రుచి చూద్దామా అనిపించింది. కాని మా సంఘంల ఒక కట్టు ఉంది. కోతపండుగ కూర ప్రార్థన కాకముందు ఎవరు రుచి చూడొద్దు. ఉప్పు గూడ రూతమ్మ వాసనతోనే చెప్తది. దేవుని కట్టు నేను తప్పుదునా? తప్పలె.

రూతమ్మ తిరిగొచ్చి మూత తీసింది. “వదినె, కొవ్వేది?”

“అరుగుతుంది.”

“గుండిగలనా?”

“ముందు గుండిగల అరిగితే కడుపుల పని తక్కువ గద.”

ఆమె నన్ను చూసిన చూపుకు అర్థం నాకు ఒంటిగంటకు తెలిసింది.

ఒంటిగంటకు విస్తర్లేసిండ్రు. ప్రార్థనయింది. మొదటి ముద్ద పాస్టరయ్యది, రెండోది దానేలు బావది. పాస్టరయ్య ముద్ద నోట్ల పెట్టుకున్నడు. నమలుడు ఆగింది. కండ్లు పైకి పోయినయి. ఆయన మళ్ల ప్రార్థన మొదలుపెట్టిండేమో అనుకొని సగం మంది కండ్లు మూసుకున్నరు.

“థూ!” అన్నడు బావ. “చేదు! విషం లెక్క చేదు!”

ఇగ వరుస మొత్తం థూ అంటే థూ. విస్తర్ల మీద వాన పడ్డట్టయింది. పాస్టరయ్య మెల్లగ నీళ్లు తాగి రూతమ్మతోని అన్నడు: “అమ్మా, సిలువ కాడ చేదు ఇస్తే ప్రభువే తాగలె. నేనెంత?”

దానేలు బావ లేచిండు. “ఖాసిం! ఎక్కడ వాడు? తిత్తి పగలగొట్టినవ్. కత్తి మొద్దుబారినోడివి ఎందుకొచ్చినవ్? ఇయ్యాల్టి సంది మా ఊరి పనికి నువ్వొద్దు!”

ఖాసిం వేపచెట్టు కింద విస్తరి ముందట కూసొని ఉండె. లేచి నిలబడ్డడు. “పగల్లే అయ్యా” అన్నడు. అంతే. నా దిక్కు ఒక్కపారి చూసిండు. తిత్తులు ఎవరికిచ్చిండో ఆయనకు తెలుసు. మూడు గంటలకు నేను చదవాలన్నది గూడ తెలుసు. చెప్పలె. తల దించుకొని “పగల్లే” అని ఇంకోపారి అన్నడు.

నోరు మూసుకుంటే మూడు గంటలకు బల్ల కాడ నిలబడి చదువుకోవచ్చు. తెరిస్తే అంతే సంగతులు. ఎనిమిది నెలల అక్షరాలు ఒక దిక్కు. ముప్పై ఏండ్ల కత్తి ఒక దిక్కు. కాని తల దించుకున్నది ఆయన, దించుకోవాల్సింది నేను. నేనేమో తల దించే మనిషిని గాదు. ఇగ ఏం చేద్దు?

“బావా! ఖాసింను ఏమనకు. తిత్తి పగల్లే. నేనే చింపి పోసిన. రెండు పొట్టేళ్లది, ఒక్క చుక్క మిగలకుండ.”

ఉమ్మేటోళ్లు గూడ ఆగి నా దిక్కు తిరిగిండ్రు.

“పోసినవా?” అన్నడు బావ. “ఎందుకు?”

“కొవ్వు అరిగేతందుకు. పోయినేడు నీకే గద సూది వేసిండ్రు!”

“ఎవరు చెప్పిండ్రు?”

“పుస్తకం.”

బావ ముఖం పండుగ దీపం లెక్క వెలిగింది. “విన్నరా! విన్నరా అందరు! గిదే నేను చెప్పిన. చదువొస్తె గిట్లనే ఉంటది. అయ్యగారు, మూడు గంటల కూడికల నేనే చదువుత. ఆ పుస్తకం అబద్ధం, ఈమె చదువు అబద్ధం.”

నన్నంటే పడేదాన్నేమో. పుస్తకాన్ని అన్నడు. నా సంచి పొయ్యి పక్కనే ఉండె. పుస్తకం తీసిన. కట్టెల మొద్దు మీద ఎక్కి నిలబడ్డ.

“అబద్ధమా? విను బావా!”

గట్టిగ చదివిన. కార్జం కాడి సంది పేజీ అడుగుదాక. మూడు దినాలు పట్టిన పేజీ మూడు నిమిషాలల్ల అయిపోయింది. కోపంల ఎంత బాగ చదువుతరో నాకు అప్పటిదాక తెల్వదు. ఆఖరి లైను, “ఆహారంతో పిత్తరసం కలవాలి,” అని చదివి పుస్తకం మూయబోయిన.

పండుగ భోజనానికి వచ్చిన రాజేశ్వరి టీచర్ అప్పుడు నోరు తెరిచింది. “సాలమ్మ గారూ, పేజీ తిప్పండి.”

“ఎందుకు?”

“ఇంకా ఉంది.”

“ఎక్కడ? అయిపోయింది గద?”

“తిప్పండి.”

తిప్పిన. ఉన్నది! అదే పాఠం, గట్టు దాటి అవతల గూడ! వేలు పెట్టి మళ్ల చదువుడు మొదలుపెట్టిన. ఈ కలయిక చిన్నపేగుల జరుగుతదని రాసి ఉంది. నోరు దాటి, కడుపు దాటి పోయినంక. మనిషికి కావాల్సిన పిత్తరసం మనిషి కార్జమే చేసుకుంటదని, కొవ్వు తిన్నప్పుడు తిత్తి దానంతట అదే వదులుతదని రాసి ఉంది.

“అంటే,” అన్నది రూతమ్మ, “మన తిత్తులు మనకున్నయి. పొట్టేలువి అప్పు తేవాల్సిన పని లేకుండె వదినె.”

“దేవుడు దాన్ని నాలుకకు అంత దూరంల ఎందుకు పెట్టిండో ఇయ్యాల తెలిసింది” అన్నడు పాస్టరయ్య.

అందరు నవ్వుతుండ్రు. నేను మాత్రం చదువుతున్న. ఒకపారి మధ్యల ఆపి ఇంత చేసిన, మళ్ల ఆపుదునా? కింద ఇంకా ఉంది: పని అయిపోయినంక ఆ పిత్త ఆమ్లాలు చాన మటుకు పారిపోవు, పేగు కొసల నుంచి రక్తంల కలిసి మళ్ల కార్జానికే తిరిగొస్తయి, మళ్ల పనికి పోతయి. అది చదివినంక నేను తలెత్తి చూసిన. ముందట కూసున్నోళ్లందరు బొంబాయి పూనా చూసినోళ్లే.

“ఓ అక్కలారా, అన్నలారా,” అన్న, “ఇది మన లెక్కనే వలస పోతుందే! పోతది, పెడ్డలు పగలగొడతది, ఇంటికొస్తది, మళ్ల అదే పనికి పోతది!”

ఇగ చూడు నవ్వు! విస్తర్ల ముందట పొట్టలు పట్టుకున్నరు. ముసలోళ్లు గూడ “నిజమే, నిజమే” అన్నరు. చేదు కూర తిన్న నోర్లు ఒక్కపారి తీపైనయి.

నేను మొద్దు దిగిన. “బావా, రెండు పేజీలు చదివిన. ఒక్క అక్షరం తడబడ్డదా? చెప్పు.”

బావ మీసం దువ్వుకున్నడు. “అక్షరం తడబడలె. కూర తడబడ్డది.”

“నీ చదువు వల్ల ఒక్క తప్పు జరిగినా అన్నవ్. తప్పు జరిగింది చదువు వల్ల గాదు. చదవకపోవుడు వల్ల. రెండో పేజీ చదవలె, గందుకే జరిగింది. ఇగ నువ్వే తేల్చు.”

ఆయన తేల్చకముందే పాస్టరయ్య “మూడు గంటలకు సాలమ్మే చదువుతది” అన్నడు. బావ ఖాసిం దగ్గరికి పోయి ఏదో గొణిగిండు. మాఫీ అడిగిండో, దగ్గిండో, ఇప్పటికీ తెల్వదు. నేనైతే నోరారా అడిగిన. “నువ్వు పొట్టేలును నాకంటే బాగ చదివినవ్ తమ్మీ” అన్న. ఆయన, “ఆఖరి పేజీదాక అక్కా” అన్నడు.

రూతమ్మ పావుగంటల పచ్చిపులుసు కలిపింది. అందరు అదే అన్నంల పోసుకొని తిన్నరు. ఒక్కడు తప్ప. మా ఆయన బాలస్వామి. వరుస కొసకు కూసొని ఆ చేదుకూరే తింటుండు. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి.

“ఎందుకయ్యా, వదిలెయ్యి” అన్న.

“బాగనే ఉన్నది” అన్నడు. పెండ్లయినప్పటి సంది ఆయన నాకు చెప్పిన అబద్ధాలల్ల పెద్దది అదే. నాకు నచ్చింది గూడ అదే.

మూడు గంటలకు బల్ల కాడ నిలబడి వాక్యం చదివిన. పేజీ అడుగుకు వచ్చిన. సంఘమంత ఊపిరి బిగబట్టి నా చెయ్యి దిక్కే చూసింది. పేజీ తిప్పిన. సర్రుమన్నది. వెనక గడప కాడ నిలబడ్డ ఖాసిం “శాబాష్ అక్కా!” అన్నడు. ఆ దినం అందరికంటే గట్టిగ వచ్చిన ఆమెన్ అదే.

సాయంత్రం గుండిగ కడుగుతుంటె రూతమ్మ పిలిచింది. “వదినె, ఇటు రా. సబ్బు లేదు, బూడిద లేదు. నీళ్లు పోస్తనే జిడ్డు పోయింది. మెరుస్తుంది చూడు.” చూసిన. నా ముఖం కనబడింది. సిగ్గుపడాల్నా అని ఒక నిమిషం ఆలోచించిన. పడలె.

తెల్లారి పొద్దున మా ఆయన పెరట్ల నుంచి వచ్చి, గడప మీద నిలబడి, కోర్టుల సాక్ష్యం చెప్పినట్టు చెయ్యెత్తి అన్నడు: “ఏమే సాలమ్మా. అరిగింది.”

అదే నేను చెప్తున్న! సైన్సు తప్పు గాదు, పుస్తకం తప్పు గాదు. నాలుక ఒక్కటే అడ్డమొచ్చింది.

అయినా ఒట్టు పెట్టాలె గద. పెడుతున్న, వినండి. నా ఎనిమిది నెలల అక్షరాల మీద ఒట్టు, మెరిసిన గుండిగ మీద ఒట్టు, మా ఆయన కండ్లనీళ్ల మీద ఒట్టు: పేజీ తిప్పకుండ ఇంకెన్నడు పొయ్యి కాడికి పోను. పిత్తరసాన్ని దాని దారిన దాన్ని పోనిస్త, రానిస్త. చదువుడు మాత్రం మాననని ఎవరికన్న డౌటుంటే మా ఊరికి రండి. కూర గూడ నేనే వండి పెడత.

ఆ దినం అక్కడున్నోళ్లు: మొదటి ముద్ద తిన్న పాస్టరయ్య, మొదటి థూ అన్న దానేలు బావ, మంట చూడమని నన్ను నమ్మిన రూతమ్మ, తిత్తి పగలగొట్టని ఖాసిం, పేజీ తిప్పించిన రాజేశ్వరి టీచర్, విస్తరి ఖాళీ చేసిన మా ఆయన బాలస్వామి, ఉమ్మి నవ్వి మళ్ల కూసొని విన్న మా సంఘమంత. ఇంక కట్టెల మొద్దు మీద నిలబడ్డ నేను, సాలమ్మ గారు.